లీటరుకు ఇరవై

పెళ్లయి అత్తవారింటికి వచ్చిన పదకొండో రోజున ప్రవళిక ఒక మంచి పని చేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, తనంతట తానే చేసింది. కష్టమంతా అక్కడే మొదలైంది.

ఆ పదకొండు రోజులూ ఆమెకు కంటికి కనిపించిందల్లా ముద్దొచ్చింది. పొద్దున్నే మిర్యాలగూడ రైసు మిల్లుల నుంచి తేలివచ్చే ఉడికిన వడ్ల వాసన ముద్దొచ్చింది. గడప దగ్గర వేణు చెప్పుల పక్కన తన చెప్పులు కనబడితే, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, కాలి వేలితో వాటిని ఇంకాస్త దగ్గరికి జరిపింది. వేణు సూర్యాపేటలో ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. సాయంత్రం బస్సు దిగి వచ్చేటప్పుడు కాగితం పొట్లంలో నాలుగు మిర్చి బజ్జీలు తెస్తాడు. రెండు అమ్మకు, రెండు తమకు. నలుగురిలో 'ఏవండీ' అనాల్సిన మనిషిని గది తలుపు వెయ్యగానే 'వేణూ' అని పిలుస్తుంటే, ఎంఎస్సీ పట్టా చేతికొచ్చిన రోజున కూడా కలగనంత గర్వం కలిగేది ఆమెకు.

కాకపోతే ఆ ఇంట్లో నవ్వాలంటే కొంచెం వెనకా ముందూ చూసుకోవాలి. ముందు గదిలో మామగారు పర్వతాలు ఫోటో ఉంది. ఆయన పోయి ఇంకా ఏడాది నిండలేదు. శుభకార్యమేదైనా ఉంటే ఏడాది లోపలే చేసెయ్యాలి, దాటితే మూడేళ్లు ఆగాలి అని పెద్దలనడంతో ఈ పెళ్లి హడావుడిగా జరిగింది. అంటే తానెన్నడూ చూడని ఒక మనిషి పోవడం వల్లే తాను ఇంత తొందరగా ఇంత సుఖపడుతోంది. ఆ సంగతి గుర్తొస్తే చాలు, నవ్వుతూ నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

పర్వతాలుకు ఊళ్లో ముప్పై ఏళ్లు మోటారు సైకిళ్ల రిపేరు షాపు ఉండేది. ఊరందరి బండ్లూ బాగుచేసిన మనిషి తన కోసం దాచుకున్నది ఒక్క పాత యెజ్దీ బండి. ఆయన పోయాక దాన్ని ఇంటి వసారాలో నిలబెట్టి టార్పాలిన్ కప్పారు. అత్తగారు సోమమ్మ వేములపల్లిలో చుట్టాలింటికి పోయిన రోజు చూసి, ప్రవళిక ఆ టార్పాలిన్ లాగేసింది. సాయంత్రం వేణు వచ్చేసరికి బండి తళతళలాడాలి, చూసి అతను నోరు తెరవాలి. అదీ ఆమె పథకం. సీసాలో పెట్రోలు, పాత టూత్‌బ్రష్, చిరిగిన బనీను గుడ్డ. యూట్యూబ్‌లో చూసినట్టే మూడు గంటలు కూనిరాగం తీస్తూ తోమింది. బండి పక్కకు బిగించి ఉన్న సామాన్ల డబ్బా మూత కూడా ఊడదీసింది. మూత లోపలి వైపు నల్ల మార్కరుతో ఏవో గీతలున్నాయి. షాపులో ఎవరో పిచ్చి గీతలు గీసుంటారనుకుంది. పెట్రోలు గుడ్డతో రుద్దితే పోయాయి. చివర్లో ఒక్క సున్నా మాత్రం మొండికేసింది. దాన్ని గోటితో గీకి మరీ తీసింది.

వేణు నోరు తెరిచాడు. నిజంగానే తెరిచాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని వేములపల్లి దాకా తీసుకుపోయాడు. దారికి రెండు వైపులా దమ్ము చేసిన మడులు, వాటిలో ఎర్రటి ఆకాశం, వెనక నీలం పొగ. "గట్టిగ పట్టుకో, పడతవ్," అన్నాడు వేణు. "పడితే ఎత్తుకోవా?" అంది ప్రవళిక. అంత ఆనందాన్ని ఆమె అంతకు ముందు ఎరగదు.

ఆ రోజు ఆమె తప్ప మూత తీసి చూసినవాళ్లు ఎవరూ లేరు.

*

జనవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున నరేష్ వచ్చాడు. పర్వతాలు దగ్గర పదిహేనేళ్లు పని నేర్చుకుని, ఇప్పుడు ఆ షాపు నడుపుతున్నది అతనే. పర్వతాలును బతికున్నప్పుడు ఉస్తాద్ అనేవాడు, ఇప్పుడూ అలాగే అంటాడు.

"తమ్మీ, పోటీ తారీఖు చెప్పిన్రు. వచ్చే నెల నాలుగో ఆదివారం. ఏం జేద్దాం?" అన్నాడు.

ఏ పోటీ అని ప్రవళిక అడిగితే తలా ఒక మాట చెప్పారు. మట్టంపల్లి అవతల, పని ఆగిపోయిన ఒక సున్నపురాయి గని కోసం వేసిన సిమెంటు రోడ్డు ఉంది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. హైదరాబాదు నుంచి పాత బండ్ల క్లబ్బు వాళ్లొచ్చి ఏడాదికోసారి అక్కడ వేగం కొలుస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి పందెం పోవడం ఉండదు. ఒక్కో బండీ ఒంటరిగా రెండు కిలోమీటర్లు ఊపందుకుని, చివర రెండు లైటు మిషన్ల మధ్య నుంచి దూసుకుపోవాలి. గంటకెన్ని కిలోమీటర్లు పోయిందో బోర్డు మీద పడుతుంది. పోయినేడు పర్వతాలు యాభై ఎనిమిదేళ్ల వయసులో అక్కడ బండి తోలి నూట పంతొమ్మిది పాయింట్ ఆరు కొట్టాడు. నూట ఇరవైకి వెంట్రుకవాసి తక్కువ. ఆ తర్వాత పన్నెండో రోజున షాపులోనే గుండె ఆగి పోయాడు.

"ఆ పన్నెండు దినాలు బండి మీదనే ఉన్నడు," అన్నాడు నరేష్. "ఒకనాడు 'దొరికింది రా' అన్నడు. ఏం దొరికింది ఉస్తాద్ అంటే, 'పెట్రోల్ల నూనె లెక్క. డబ్బ మూతకు రాసిపెట్టిన. మళ్లేడు సూడు, నూట ఇరవై మన కాళ్ల కాడికే వస్తది' అన్నడు."

ఈ రకం పాత బండ్లకు పెట్రోల్లోనే ఇంజను నూనె కలిపి పొయ్యాలి. ఎంత కలపాలనేదే కిటుకు.

"నేను తోల్త," అంది మానస వంటింట్లో నుంచి. వేణు చెల్లెలు, సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఆదివారానికి ఇంటికొచ్చింది. ఆ అమ్మాయికి బండి నేర్పింది పర్వతాలే. "నలభై ఆరు కిలోలున్న. అన్న కూసుంటే బండి గుట్టెక్కినట్టు పోతది."

"నీ నోట్ల మన్ను బొయ్య," అన్నాడు వేణు, నవ్వుతూనే. "నాయన సంవత్సరీకం లోపల నూట ఇరవై కొడదాం. నరేషన్నా, మూత తియ్యి. నాయన రాత సూడక ఏడాదైతుంది."

ప్రవళిక చేతిలో టీ గ్లాసుల పళ్లెం ఉంది. నరేష్ మూత ఊడదీశాడు. వేణు దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేశాడు.

మూత అద్దంలా ఉంది. అందులో వేణు మొహమే వంకరగా కనబడింది.

 ప్రవళిక చూస్తూనే ఉంది. వేణు బొటనవేలు ఆ రేకు మీద మెల్లగా అటూ ఇటూ తిరిగింది, గుడ్డివాళ్లు తడుముతున్నట్టు. ఆ వేలు చూసి ఆమె తట్టుకోలేకపోయింది.

"నేను తుడిచే ముందు చదివాను!" అనేసింది. "చదివి, నా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను. ముఖ్యమైనదేమోనని."

"ఎంత?" అన్నాడు వేణు.

సున్నా ఒక్కటే గుర్తుంది ఆమెకు. దాని ముందు ఏముందో దేవుడికే తెలియాలి. "లీటరుకు... ఇరవై. ఇరవై మిల్లీలీటర్లు."

వసారా అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మానస వచ్చి మెడ కావలించుకుంది. సోమమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "సదువుకున్న కోడలంటే గిట్లుంటది. వేరేటోళ్లయితే తుడిచి పారేద్దురు," అంది.

ఆ మాట ప్రవళిక వీపు మీద చరిచినట్టయింది.

నరేష్ ఒక్కడే తల గోక్కున్నాడు. "ఇరవయ్యా? మనం మామూలుగ నలభై పోస్తం గద."

"నాయన రాసిండంటే ఏదో లెక్క కట్టే రాసుంటడు," అన్నాడు వేణు.

"గదీ నిజమే," అన్నాడు నరేష్. "నూనె తక్కువుంటే బండి జర గుంజుతది. ఉస్తాద్ చేతి రాత మీద నేనేం మాట్లాడ్త?"

ఆ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ప్రవళిక తన నోట్‌బుక్ తీసింది. మధ్యలో ఒక పేజీలో, బండి తుడిచిన డిసెంబరు తారీఖు వేసి, 'బండి నూనె, లీ. 20' అని రాసింది. కొత్త సిరా ఎవరైనా గుర్తుపడతారేమోనని ఆ పేజీని చీర కుచ్చిళ్ల మధ్య పెట్టి నలిపింది. అలా నలుపుతూ నలుపుతూ ఏడ్చింది.

*

చెబుదామనుకోలేదని కాదు. మూడుసార్లు నోటి దాకా వచ్చింది.

మొదటిసారి వేణు సూర్యాపేట నుంచి కొత్త గొలుసు, కొత్త బ్రేకు తీగలు కొనుక్కొచ్చిన సాయంత్రం. "వేణూ, ఒక మాట," అంది. అతను గొలుసును దండలా పైకెత్తి చూపించి, "సూడు ప్రవీ, నాయనకు ఎంత సంబురమయ్యేదో," అన్నాడు. ఆ మొహాన్ని ఆర్పే ధైర్యం లేకపోయింది. "గొలుసు బాగుంది," అంది.

రెండోసారి కోదాడలో ఉన్న తల్లి సుగుణమ్మకు ఫోన్ చేసి మొత్తం చెప్పుకుంది. సుగుణమ్మ అంతా విని, గొంతు తగ్గించింది, పక్క వీధి వాళ్లు వింటారేమో అన్నట్టు. "పిచ్చిదానా, ఇంకెవరి దగ్గరా అనకు. కొత్త కోడలు చేసిన తప్పు వాళ్ల మనవలు పుట్టేదాకా చెప్పుకుంటారు. ఇరవైయో ముప్పైయో, బండి నడుస్తుందిగా? ఊరుకో."

నడిచింది. అదే వచ్చిన చిక్కు. నరేష్ ఇరవై కలిపి వాకిట్లో స్టార్టు చేస్తే, ఎప్పుడూ చిమ్మే నీలం పొగ దాదాపు రాలేదు. శబ్దం తేటగా ఉంది. "సూసిన్రా ఉస్తాద్ లెక్క! పొగే లేదు!" అని నరేష్ చంకలు గుద్దుకున్నాడు. సోమమ్మ మాత్రం స్తంభానికి ఆనుకుని చాలాసేపు బండి వెనక్కే చూసింది. "పొగ లేదేంది?" అని గొణిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

అక్కడికి ప్రవళికకు కాస్త ధైర్యం వచ్చింది. నిజంగానే ఇరవయ్యేమో. దేవుడు తన నోట సరైన అంకె పలికించాడేమో. ఆ ధైర్యంతోనే మర్నాడు షాపుకు టిఫిను తీసుకుపోయినప్పుడు మాటల్లో మాటగా అడిగింది.

"నరేషన్నా, నూనె మరీ తక్కువైతే ఏమవుతుంది?"

నరేష్ పూరీ నములుతూ చెప్పాడు. "పిస్టన్ పట్టేస్తది చెల్లె. లోపల వేడికి ఉబ్బి, గోడకు అతుకుతది. ఊళ్లె తిరిగేటప్పుడైతే బండి బంద్ పడ్తది, గంతే. మంచి స్పీడ్ల ఉన్నప్పుడు పట్టిందనుకో, ఎనక చక్రం ఉన్నకాడ్నే ఆగుతది. మనిషి ఆగడు గద. వాడపల్లి రోడ్డు మీద ఒక పాలాయనకు గట్లనే అయింది. భుజం బొక్క ఇరిగింది, ఇప్పటికీ సక్కగ అతకలే." ఇంకో పూరీ తుంచుకున్నాడు. "మనకేం భయం? మనది ఉస్తాద్ లెక్క."

ఆ రోజు నుంచి ప్రవళికకు అన్నం సయించలేదు. మిర్చి బజ్జీలు అత్తగారికే నాలుగూ ఇచ్చింది. "ఏమన్న విశేషమా బిడ్డా?" అని సోమమ్మ మురిపెంగా అడిగితే, అత్తగారి ఆ వట్టి ఆశ కూడా తన తప్పుల ఖాతాలోకే వచ్చిందనిపించి తల అడ్డంగా ఊపింది. మానస హాస్టల్ నుంచి రోజూ వాయిస్ మెసేజీలు పెట్టేది. "వదినా, నూట ఇరవై కొడితే నీకు సూర్యాపేటల ఐస్‌క్రీం. అన్నకు లేదు." ఒక్కోటి రెండేసి సార్లు వినేది ప్రవళిక. ఆ గొంతు వెనక ఎముక విరిగే చప్పుడేమైనా ఉందా అని వెతుకుతున్నట్టు.

మూడోసారి శనివారం సాయంత్రం. బండిని ట్రాలీ ఆటోకెక్కించి తాళ్లు కడుతున్నారు. "ఏవండీ," అని వేణు చెయ్యి పట్టుకుంది. అందరి ముందూ చెయ్యి పట్టుకున్నందుకు వేణు చెవులు ఎర్రబడ్డాయి. నరేష్ దగ్గాడు. మానస, "అబ్బో! మేం గోడ దిక్కు తిరగాల్నా వదినా?" అంది. అందరూ నవ్వారు. ప్రవళిక కూడా నవ్వింది. చెయ్యి వదిలేసింది.

*

ఆదివారం పొద్దున నేరేడుచర్ల మీదుగా మట్టంపల్లి చేరేసరికి ఎనిమిదైంది. తెల్లటి రోడ్డు, తెల్లటి దుమ్ము. పొద్దెక్కేకొద్దీ దూరంగా కొలిమిలా కదిలే ఎండ. నలభై దాకా పాత బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోటి తన వంతు రాగానే గుర్రుమని పోయి, చుక్కంత అయి, మాయమయ్యేది. తర్వాత మైకులో అంకె వినబడేది. జనం ఈలలు వేసేవాళ్లు. వేరే రోజైతే ప్రవళిక ఆ ఈలల్లో కలిసిపోయేది. ఇవాళ ఒక్కో బండి పోతుంటే ఊపిరి బిగబట్టి, అంకె వినబడ్డాకే వదిలేది.

"తర్వాత వచ్చేది," అన్నాడు మైకతను, "మిర్యాలగూడ నుంచి, కీర్తిశేషులు పర్వతాలు గారి యెజ్దీ. నడుపుతున్నది వారి కుమార్తె మానస. ముందు రెండు బండ్లున్నాయి, సిద్ధంగా ఉండండి."

చప్పట్లు మోగాయి. సోమమ్మ ఆ పేరు మైకులో విని, కొంగు నోట్లో కుక్కుకుంది. వేణు తన తండ్రి తెల్ల హెల్మెట్‌ను బండెక్కి కూర్చున్న మానస తలకు తొడిగాడు. అది ఆమెకు కొంచెం వదులు.

"వదినా, పట్టీ పెట్టు. గ్లౌజులేసుకున్న, నాకందదు," అంది మానస, గడ్డం పైకెత్తి.

ప్రవళిక దగ్గరకొచ్చింది. గడ్డం కింద పట్టీ పట్టుకుంది. అక్కడ మెత్తటి చర్మం కింద నరం టకటకా కొట్టుకుంటోంది. మానస మొహం నిండా నవ్వు. పాలు తాగడానికి తలెత్తిన దూడలా ఉంది. కొక్కెం రెండుసార్లు జారింది. మూడోసారి వేళ్లు అసలు కదలలేదు.

"దిగు మానసా," అంది.

"ఏందీ?"

"దిగు. ఇరవై కాదు."

వేణు తిరిగి చూశాడు. "ఏం మాట్లాడుతున్నవ్?"

"ఇరవై అని నేను చదవలేదు. ఏమీ చదవలేదు. పిచ్చి గీతలనుకుని తుడిచేశాను. ఒక్క సున్నా గుర్తుంది, అంతే. మీ మొహం చూడలేక నోటికొచ్చింది చెప్పేశాను. నోట్‌బుక్‌లో కూడా తర్వాతే రాశాను." పట్టీ ఇంకా చేతిలోనే ఉంది. "నెలయింది. రోజూ చెప్పాలనుకున్నాను. ఈ బండి ఎక్కడో పట్టేస్తుంది. ఈ పిల్లకు ఏమన్నా అయితే..."

ముందున్న బండి పోయింది. 

మానస మెల్లగా దిగింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది.  నరేష్ కూలబడ్డట్టు బండి పక్కన గొంతుక్కూర్చుని, ఇంజను మీద చెయ్యి వేశాడు. "నాది తప్పు," అన్నాడు. "ఇరవై అంటేనే నాకు తక్కువనిపించింది. పదిహేనేండ్లు నలభై పోసినోడ్ని. ఉస్తాద్ రాత అనేసరికి నోరు మూసుకున్న."

"నాక్కూడ అనిపించింది," అంది సోమమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆయన పోయే ముందు పన్నెండు దినాలు మన వాకిట్ల పొగే పొగ. పక్కింటి జమ్లీ, ఆరేసిన బట్టలన్ని మసి వట్టినయని కొట్లాటకొచ్చింది. యాదికి లేదారా? నూనె తక్కువ వోస్తే గంత పొగెట్లొస్తది? మొన్న వాకిట్ల పొగ లేకుంటె అప్పుడే అనుకున్న." ఆమె ప్రవళిక వైపు చూడలేదు. బండి వైపే చూసింది. "అనుకుని ఊకున్న. నాకేం ఎరుక, సదువురానిదాన్ని. కొత్త పిల్లను నిలదీస్తే నొచ్చుకుంటదేమో అని ఊకున్న. కన్నబిడ్డను ఎక్కియ్యబోయిన."

 తన తప్పు ఇంకొకరు పంచుకుంటే భారం తగ్గుతుందంటారు. ప్రవళికకు తగ్గలేదు. రెండింతలైంది.

 మైకులో, "మిర్యాలగూడ యెజ్దీ!" అని పిలుపు వచ్చింది. వేణు జెండా పట్టుకున్న మనిషి దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. తిరిగొచ్చి, "ఆఖర్ల పోనిస్తమన్నరు. అర్ధగంట ఉంది. ట్యాంకు కాలీ చెయ్యి నరేషన్నా," అన్నాడు.

"పోతమా ఇంక?" అంది మానస.

"నువ్వు పోతవా?"

మానస చంకలో హెల్మెట్ సర్దుకుంది. "నాయన పేరు మైకుల చెప్పిన్రు గద. ఊకెట్ల పోత?"

ట్యాంకులో పెట్రోలు ఒంపేశారు. ఆటో డ్రైవరు క్యాను నుంచి రెండు లీటర్లు అరువడిగి ఇంకో క్యానులో పోశారు. నరేష్ సంచిలో నూనె డబ్బా ఉంది గానీ, కొలిచే గ్లాసు షాపులోనే మర్చిపోయాడు. అప్పుడు సోమమ్మ తన చేతిసంచి వెతికి, కడుపుబ్బరానికి తాగే టానిక్ సీసా బయటికి తీసింది. దాని ప్లాస్టిక్ మూత మీద పది అని గీత ఉంది.

"ఎన్ని?" అన్నాడు నరేష్.

"ఆయన లెక్క ఆయనతోనే పోయింది," అంది సోమమ్మ. "భద్రంగ పోయి భద్రంగ వచ్చేటన్ని పొయ్యిన్రి."

నరేష్, వేణు మొహామొహాలు చూసుకున్నారు. "లీటరుకు అయిదు మూతలు," అన్నాడు నరేష్. "స్పీడు జర తగ్గుతది. పిల్ల మంచిగుంటది."

వేణు మూతను ప్రవళిక ముందు పెట్టాడు. "పట్టు," అన్నాడు. అంతే. ఆమె రెండు చేతులతో మూత పట్టుకుంది. అతను నూనె పోశాడు. ఒకటి, రెండు, మూడు. ప్రతి మూతా ఆమె క్యానులో వంచి, అంచున మిగిలిన బొట్టు కూడా పడేదాకా ఆగింది. పదో మూత అయ్యాక అతని వేళ్లకు ఆమె వేళ్లు తగిలాయి. అతను వెనక్కి తీసుకోలేదు. పట్టుకోనూ లేదు.

స్టార్టు చెయ్యగానే నీలం పొగ గుప్పుమంది. పక్కన నిలబడ్డ క్లబ్బు మనిషి దగ్గుతూ జరిగాడు. సోమమ్మ ఆ పొగలోనే నిలబడి కళ్లు మూసుకుంది.

ఈసారి పట్టీ ఒక్కసారికే పడింది. "ఐస్‌క్రీం యాది పెట్టుకో," అంది మానస హెల్మెట్ లోపల నుంచి. నవ్వుతోందో లేదో కనబడలేదు. జెండా దిగింది.

పొగ తోక వదులుతూ యెజ్దీ చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, ఎండలో కరిగింది. ప్రవళిక చెవులు ఒక్క శబ్దం కోసమే ఉన్నాయి, అది ఆగిపోకూడదని. ఆగలేదు. ఎక్కడో దూరంలో గేరు తగ్గిన చప్పుడు వినబడింది.

"నూట పదిహేడు పాయింట్ రెండు!" అన్నాడు మైకతను.

చప్పట్లు పడ్డాయి, మర్యాదకు. పోయినేడు పర్వతాలు కొట్టిన అంకె ఆయనదిగానే ఉండిపోయింది. నరేష్ తల వంచుకుని రుమాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి. మానస తిరిగొచ్చి బండి దిగి, తల్లిని కావలించుకుని అప్పుడు ఏడ్చింది, చిన్నపిల్లలా.

వేణు, ప్రవళిక ఆటో నీడలో నిలబడ్డారు. ఆమె తిట్ల కోసం ఎదురు చూస్తోంది. తిడితే బాగుండును.

"నూట ఇరవై గురించి కాదు ప్రవీ," అన్నాడు చివరికి, రోడ్డు వైపు చూస్తూ. "మా నాయన ఉత్తరాలు రాసే మనిషి కాదు. పద్దు పుస్తకం కూడ ఎవరితోనో రాయించేటోడు. ఆయన చేతి రాత అదొక్కటే ఉండె మాకు."

 క్షమించమని అడిగే మాట కూడా ఆ రేకు తుడిచినట్టే ఉంటుందనిపించింది ప్రవళికకు.

"నాకు కోపం పోలే," అన్నాడు వేణు. "పోతదేమో. జర టైము పడ్తది. నువ్వు పిల్లను దింపినవ్. గది కూడ యాదుంటది నాకు." జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. ఎప్పుడు కొన్నాడో, లోపల చల్లారిన మిర్చి బజ్జీలు రెండున్నాయి. "పొద్దటి సంది ఏం తినలే నువ్వు," అని చేతిలో పెట్టి, బండి దగ్గరికి పోయాడు.

ఆమె తినలేదు. పొట్లం అలాగే పట్టుకుంది. నెల రోజుల కిందటైతే ఆ రెండు బజ్జీలకే ఆకాశానికి ఎగిరేది. ఇప్పుడు అవి చేతిలో రాళ్లంత బరువున్నాయి.

తాళ్లు కట్టబోతుంటే సోమమ్మ ఆపింది. క్లబ్బు వాళ్ల బల్ల మీది నల్ల మార్కరు అడిగి తెచ్చి, సామాన్ల డబ్బా మూత ఊడదీసి, రెండూ ప్రవళిక చేతికిచ్చింది.

"తుడిచింది నువ్వు. రాయవలసింది కూడ నువ్వే," అంది. గొంతులో కోపం లేదు, బుజ్జగింపూ లేదు. పని చెబుతున్నట్టు చెప్పింది. "ఇయ్యాల్టిది రాయి. నిజమైనది."

ప్రవళిక మూతను మోకాలి మీద పెట్టుకుంది. రేకులో తన మొహం కనబడింది. తారీఖు రాసింది. 'మానస. లీటరుకు 5 మూతలు. 117.2' అని రాసింది. చివరి రెండు కొంచెం వంకర పోయింది.

నరేష్ వంగి చూశాడు. "కిందికెల్లి మొదలువెట్టినవేంది చెల్లె? పైన గంత జాగ వదిలినవ్?"

ప్రవళిక మార్కరు మూత పెట్టింది.  వేణు, తండ్రి అంకె ఉండాల్సిన ఆ ఖాళీ వరస వైపు చూశాడు. చూసి, మూతను ఆమె చేతిలోంచి తీసుకుని, సిరా ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాడు.